పాటపెట్టెకు చెవి పరీక్ష

మన కావేరిపట్టణం ప్రాంతంలో వస్తువు కొనడానికి ఒక పద్ధతి ఉన్నది. కుండ కొనేవారు దానిని ఎడమచేత ఎత్తి పట్టుకొని కుడిచేతి వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది, బొద్దుమంటే ఎక్కడో పగులున్నది. టెంకాయను చెవి దగ్గర ఊపి లోపలి నీళ్లు తెలుసుకుంటారు. మామిడి కాలంలో తోతాపురి గాని, సెందూరం గాని తొడిమ దగ్గర వాసన చూడనిదే బేరం మొదలుపెట్టరు. బుట్టమీద అంటించిన చీటీలో ఏమి రాసి ఉన్నా మనవారు లక్ష్యపెట్టరు.

అదే మనుషులు పాటలు వినే పెట్టె కొనడానికి కృష్ణగిరికో, హొసూరుకో బయలుదేరినప్పుడు మాత్రం చెవులను ఇంటి దగ్గరే వదలి కళ్లను వెంట తీసుకొని వెళుతున్నారు. అట్టపెట్టె మీద ఎన్ని వాట్లున్నవి, ఎన్ని హెర్ట్జ్ ఉన్నవి, ఎన్ని బిట్లున్నవి అని చదివి, ఎక్కువ అంకెలున్న దానికి ఎక్కువ డబ్బిచ్చి ఇంటికి తెస్తారు. పెట్టె మోగుతుంది. వారం రోజులు గడిచేసరికి ఇంట్లో పెద్దవాళ్లు, “శబ్దం పెద్దదిగా ఉంది గాని మాటలు తెలియడం లేదు నాయనా” అంటారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది.

ఆ అంకెలకు అర్థమేమిటి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు, మన చెవిని ఎంతవరకు నమ్మవచ్చు అనే మూడు విషయాలను ఇక్కడ మన కుటుంబాలవారికి తెలిసే మాటలలో విచారిద్దాము.

లక్క పళ్లెం నుండి చేతి ఫోను దాకా

మన పెద్దలు మొదట విన్న పాటపెట్టె గ్రామఫోను. మనదేశపు లక్కతో చేసిన పళ్లెం నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట. తరువాత రేడియో వచ్చింది. మద్రాసు రేడియో స్టేషను 1938లోను, విజయవాడ స్టేషను 1948లోను ప్రారంభమైనవి. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును తెచ్చారు. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చి, ధ్వనిని గీతలుగా గాక అంకెలుగా దాచే కాలం మొదలైనది. ఇప్పుడు డిస్కు కూడా వెనుకబడి, ఫోనులో నుండి గాలిలోనే పాట స్పీకరుకు చేరుతున్నది. గ్రామఫోను రికార్డుల వ్యాపారంతో పెరిగిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా 2000లో సారెగామా అని పేరు మార్చుకొని, 2017లో వేల పాటలు ముందుగానే నింపి పెట్టిన కారవాన్ అనే పెట్టెను అమ్మకానికి తెచ్చింది.

యంత్రం మారినప్పుడల్లా అమ్మేవారు చెప్పే మాట మాత్రం మారలేదు: “ఇంతకంటె సహజమైన ధ్వని ఇక లేదు” అని. 1915 నుండి సుమారు పదేళ్లపాటు అమెరికాలో ఎడిసన్ కంపెనీవారు ఊరూరా సభలు పెట్టారు. వేదికమీద గాయకురాలు పాడుతూ ఉంటుంది, ప్రక్కనే గ్రామఫోను తిరుగుతూ ఉంటుంది. దీపాలు ఆర్పివేస్తారు. ఏది మనిషి గొంతు, ఏది యంత్రం గొంతు అన్నది సభికులు చెప్పలేకపోయారని పత్రికలు రాసినవి. ఈనాడు ఆ రికార్డు వింటే బరబర శబ్దంలో నుండి పాటను వెతుక్కోవలసి వస్తుంది. మరి వాళ్ల చెవులు చెడిపోయినవా? కాదు. అంతకంటె మంచిది వారెన్నడూ వినలేదు. పైగా, యంత్రం గొంతుకు తగినట్లు తన గొంతును అదుపు చేసుకొని పాడినానని ఆ సభలలో పాడిన అన్నా కేస్ అనే గాయని తరువాతి కాలంలో చెప్పింది. కాబట్టి చెవిపరీక్ష అంటే ఏదో ఒకటి విని తల ఊపడం కాదు. దానికీ ఒక క్రమం కావాలి. ఆ సంగతికి వచ్చే ముందు అంకెల సంగతి చూద్దాము.

అట్టమీది అంకెలు

మొదటిది వాట్లు. వాట్లు రెట్టింపైతే ధ్వని రెట్టింపవుతుందని అందరూ అనుకుంటారు. చెవి లెక్క అది కాదు. పది వాట్లను ఇరవై చేస్తే పెరిగేది మూడు డెసిబెల్‌లు మాత్రమే. జాగ్రత్తగా వింటే “కొంచెం పెరిగింది” అనిపించేంత. రెట్టింపు బిగ్గరగా తోచాలంటే సుమారు పది డెసిబెల్‌లు పెరగాలి. అనగా వాట్లు పదింతలు కావాలి. కనుక 40 వాట్ల పెట్టెకూ 50 వాట్ల పెట్టెకూ మధ్య తేడా కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చేవారు ఆ వెయ్యిని ఆలోచించి ఇవ్వాలి.

వాట్లలో దొంగ వాట్లు కూడా ఉన్నవి. 1990 ప్రాంతాలలో చిన్న చిన్న క్యాసెట్టు పెట్టెలమీద కూడా “1000 వాట్లు పి.ఎం.పి.ఓ.” అని కొట్టవచ్చినట్లు అచ్చువేసేవారు. ఆ పి.ఎం.పి.ఓ. అనేదానికి అందరూ ఒప్పుకొన్న కొలత ఏదీ లేదు. క్షణంలో ఎన్నోవంతు పాటో యంత్రం తట్టుకోగల శక్తిని తమకు తోచినట్లు గుణించి రాసుకొన్న అంకె అది. గోడలోని కరెంటు నుండి ఆ పెట్టె తీసుకొనే శక్తే ఇరవై ముప్పై వాట్లయితే, లోపలి నుండి వెయ్యి వాట్లు ఎక్కడ నుండి పుట్టుకు వస్తవి? పిండి కొద్దీ రొట్టె గదా. ఈ వాట్ల మాయ ఒక్క మనదేశానిదే కాదు. అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘం 1974లోనే ఆంప్లిఫయర్ల వాట్లను ఏ పద్ధతిలో కొలిచి చెప్పాలో నిబంధన చేయవలసి వచ్చింది. 2024లో దానిని మళ్లీ సవరించింది. యాభై ఏళ్లు దాటినా అంకెల గారడీ తీరలేదన్నమాట.

రెండవది “20 నుండి 20,000 హెర్ట్జ్” అనే మాట. మంచి వయసులో ఉన్న మనిషి చెవి వినగల హద్దులివి. పిడికెడంత స్పీకరుమీద కూడా ఈ మాటే ఉంటుంది. అందులో దాచిన సంగతి ఏమంటే, ఆ చివర ధ్వని ఎంత బలంగా వస్తుందో చెప్పరు. ఊరి చివరి కుళాయిలో కూడా నీళ్లు వస్తవి. బొట్లు బొట్లుగా వచ్చినా వచ్చినట్లే లెక్క. చిన్న స్పీకరు నిలువునా ఊగి గాలిని తోయలేదు గనుక మృదంగపు తొప్పి, తవిల్ ఎడమవైపు వంటి బరువైన నాదాలను అది పూర్తిగా పలికించలేదు. ఐనా మనకు ఆ నాదం కొంత విన్నట్లే ఉంటుంది. ఇది చెవి చేసే వింత. పైస్వరాలు వినబడితే లేని క్రిందిస్వరాన్ని మన మెదడే నింపుకుంటుంది. పాత టెలిఫోను 300 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వనిని పంపేది కాదు. మగవారి గొంతు మూలస్వరం సామాన్యంగా 85 నుండి 180 హెర్ట్జ్ లోపల ఉంటుంది. అయినా టెలిఫోనులో మామయ్య గొంతును మామయ్య గొంతుగానే గుర్తుపట్టేవారము.

మూడవది మచ్చుల లెక్క. ధాన్యపు మండీలో గోనెకు బొద్దు వేసి గుప్పెడు మచ్చు తీస్తారు గదా. డిజిటల్ పద్ధతిలో ధ్వనికి కూడా అట్లే మచ్చు తీస్తారు. కాంపాక్టు డిస్కులో సెకనుకు 44,100 మచ్చులు. ఒక్కొక్క మచ్చును 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుమీద పెడతారు. దీనినే 16 బిట్లంటారు. రెండు చెవులకు వేరువేరుగా లెక్కిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. ఒక ధ్వనిని మళ్లీ సరిగ్గా పుట్టించాలంటే దాని కంపనానికి రెట్టింపుకు మించి మచ్చులుంటే చాలునని గణితం చెబుతున్నది. మనం వినేది 20,000 దాకా గనుక 44,100 సరిపోతుందని ఆ అంకెను ఏర్పరచారు. ఇప్పుడు 96,000 అనీ, 1,92,000 అనీ, 24 బిట్లనీ అట్టమీద వస్తున్నవి. మరి అవి చెవికి తెలుస్తవా?

ఈ ప్రశ్నను అమెరికాలో బోస్టన్ నగరానికి చెందిన మేయర్, మోరాన్ అనే ఇద్దరు 2007లో పరీక్షించి ప్రకటించారు. ఎక్కువ మచ్చుల రికార్డును ఒకసారి ఉన్నదున్నట్లు, ఒకసారి మధ్యలో మామూలు డిస్కు స్థాయికి తగ్గించి వినిపించారు. ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరియైన జవాబు వచ్చింది. బొమ్మా బొరుసా అని నాణెం ఎగరవేసినా అన్నే వస్తవి. 2016లో లండను నగరంలోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయపు జాషువా రీస్ ఇటువంటి 18 పరీక్షలను కలిపి లెక్కకట్టి, నూటికి 52 చిల్లర సరియైన జవాబులున్నవని, శిక్షణ పొందినవారికి ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుందని చెప్పాడు. తేడా పూర్తిగా లేదనలేము. కాని వంటింట్లో కుక్కరు కూస్తూ ఉండగా, వీధిలో పాలవాడు పిలుస్తూ ఉండగా పాటలు వినే మనవంటివారు దానికోసం అప్పు చేయనక్కరలేదు. పైగా ఘంటసాల వెంకటేశ్వరరావుగారి (1922–1974) కాలపు పాటను ఎన్ని లక్షల మచ్చులుగా తీసినా, ఆనాటి లక్కపళ్లెం అందుకోని ధ్వని ఇప్పుడు కొత్తగా పుట్టదు.

క్రిందికి తగ్గినప్పుడు మాత్రం చెవికి బాగా తెలుస్తుంది. డిస్కులోని పాటను చోటు కలిసిరావడానికి నొక్కి, సెకనుకు 1,28,000 బిట్లలో ఇరికిస్తే అది మూలంలో పదకొండవ వంతు మాత్రమే. వాట్సాపులో పదిచేతులు మారి వచ్చిన పాట అంతకంటె నలిగి ఉంటుంది. అటువంటి నలిగిన పాటను ఎంత ఖరీదైన స్పీకరులో పెట్టినా లాభం లేదు. పుచ్చిన కందిపప్పును వెండిగిన్నెలో వండినట్లే.

చెవి కూడా మోసపోతుంది

అంకెలను నమ్మరాదంటే చెవిని గుడ్డిగా నమ్మమని కాదు. చెవికి ముఖ్యంగా మూడు బలహీనతలున్నవి.

బిగ్గరగా మోగేది మేలైనదిగా తోచడం మొదటిది. రెండు పెట్టెలలో ఒకటి ఇసుమంత బిగ్గరగా ఉంటే, “ఇది బిగ్గరగా ఉన్నది” అనము. “ఇది నిండుగా ఉన్నది, తేటగా ఉన్నది” అంటాము. అంగళ్లలో అమ్మదలచిన పెట్టెకు శబ్దం కొంచెం పెంచి పెట్టడం పాత ఉపాయం.

కన్ను చెవిని లాగుకొని పోవడం రెండవది. కెనడా దేశపు జాతీయ పరిశోధన సంస్థలో పనిచేసిన ఫ్లాయిడ్ టూల్, ఆయనతో షాన్ ఆలివ్, 1994లో ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. అవే స్పీకర్లు, అవే పాటలు, అవే మనుషులు. చూస్తూ విన్నప్పుడు పెద్దగా, ఖరీదుగా కనబడే పెట్టెలకు మార్కులు పెరిగినవి. చిన్న చవక పెట్టెకు తగ్గినవి. తెర అడ్డం పెట్టి విన్నప్పుడు ఆ తేడాలు చాలామటుకు కరిగిపోయినవి. వాద్యాల విషయంలోనూ ఇదే జరిగింది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో క్లాడియా ఫ్రిట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు 21 మంది ఫిడేలు విద్వాంసులకు కళ్లకు నల్లద్దాలు పెట్టి, ఆరు ఫిడేళ్లు వాయింపజేసింది. మూడు కొత్తవి, మూడు ఎంతో ఖరీదైన పాత ఇటలీ ఫిడేళ్లు. అందరికంటె ఎక్కువమంది మెచ్చినది కొత్తది. అందరికంటె తక్కువమంది మెచ్చినది స్ట్రాడివారి చేసిన పాత ఫిడేలు.

ఇక్కడ మన ద్వారం వేంకటస్వామి నాయుడుగారిని తలచుకోవడం న్యాయం. 1893లో మన పొరుగునున్న బెంగుళూరులో పుట్టి, విజయనగరం సంగీత కళాశాలకు వన్నె తెచ్చి, 1964లో దివంగతులైన ఆ ఫిడేలు విద్వాంసులకు చూపు చాలా తక్కువ. ఒక కమాను గీతలో ఎంత తేనె ఉన్నదో వారు తెలుసుకొన్నది చెవితోనే.

మూడవ బలహీనత జ్ఞాపకం. రాగం ఏళ్లతరబడి గుర్తుంటుంది గాని, ధ్వనిలోని సన్నని తేడా కొద్ది సెకనులకు మించి నిలువదు. నిన్న హొసూరులో విన్న పెట్టెను ఈనాడు కృష్ణగిరిలో విన్న పెట్టెతో పోల్చడం, నిన్నటి సాంబారు ఉప్పును ఈనాటి సాంబారు ఉప్పుతో పోల్చినట్లే.

పరీక్ష చేసే తీరు

ఈ బలహీనతలు తెలిసిన తరువాత పరీక్ష సులభమే.

ఒకే పాటను, అదీ చక్కగా రికార్డయినదానిని, అన్ని పెట్టెలలోను వినాలి. అంగడివారు పెట్టే పాట వద్దు. అది ఆ పెట్టెకు నప్పినదే అయి ఉంటుంది. ఏళ్లతరబడి విని మనకు కంఠస్థమైన పాటను మన ఫోనులోనే తీసుకొని వెళ్లాలి. శబ్దాన్ని అన్నిటికీ సమం చేయాలి. ఫోనులో డెసిబెల్‌లు చూపే ఉచిత యంత్రాంగాలున్నవి. అవి అచ్చంగా నిక్కచ్చివి కాకపోయినా రెండింటిని సమం చేయడానికి చాలును. తరువాత తిరిగి నిలబడి, లేదా కళ్లు మూసుకొని, ప్రక్కవారిని మార్చి మార్చి వాయించమనాలి. పది పదిహేను సెకనులకొకసారి మార్చడం మంచిది. ఒక్కసారి చెప్పినది లెక్కకాదు. ఐదారుసార్లు అదే జవాబు వస్తే అప్పుడు నిజంగా తేడా ఉన్నట్లు.

ఇక వినవలసినవి.

తంబుర శ్రుతి వినండి. మీటు తరువాత తీగ ఝుమ్మని విచ్చుకొని మెల్లగా మరుగవుతుంది. మంచి పెట్టెలో ఆ మరుగును చివరిదాకా వెంబడించవచ్చు. లేనిదానిలో అది నడుమనే తెగుతుంది.

మృదంగంలో వలంతల దెబ్బ, తొప్పి దెబ్బ వేరువేరుగా నిలబడుతున్నవా చూడండి. చెడ్డ పెట్టెలో తొప్పి ఊరికే ధుమధుమలాడుతూ గాయకుని మాటమీద పడుతుంది. బరువు ఎక్కువగా ఉండటమే మంచి ధ్వని అని కుర్రవారు అనుకుంటారు. దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినదో తెలియాలి. అదే అసలు గుణం.

భజన తాళాలు, హరికథలోని చిడతలు వినండి. నలిగిన పాటలో ఇవి లోహంలా మోగవు. నూనెలో పోపు చిటపటలాడినట్లు, నీళ్లు జల్లినట్లు ఉంటవి.

అన్నిటికంటె ముఖ్యం మనిషి మాట. ఇందుకు మన తెలుగు వర్ణమాలను మించిన కొలబద్ద లేదు. శంకరుడు, షణ్ముఖుడు, సరస్వతి అనే మూడు పేర్లను ఎవరిచేతనైనా చక్కగా చెప్పించి, ఫోనులో పట్టి, పెట్టెలో వినిపించండి. శ, ష, స మూడూ మూడుగా వినిపిస్తున్నవా? బలము, భరతుడు, కలము, ఖడ్గము, దానము, ధనము. ఒత్తు అక్షరంలోని ఊపిరి వినబడుతున్నదా? ఈ ఊపిరి, ఈ సకారాల సవ్వడి చాలా సన్ననివి. ముఖ్యంగా రెండువేల నుండి ఎనిమిదివేల హెర్ట్జ్ మధ్య ఉంటవి. ఈ భాగం మొద్దుబారితే మాట ముద్దగా ఉంటుంది. ఎక్కువైతే స అన్నచోటల్లా పాము బుసకొట్టినట్లు చెవిలో గుచ్చుతుంది.

చివరగా గంటసేపు వినండి. మొదటి నిమిషంలో మిలమిలలాడే పెట్టెలు కొన్ని అరగంటకు తలనొప్పి తెస్తవి. విన్నకొద్దీ వినాలనిపించేదే ఇంటికి తగినది.

దుప్పటి వెనుక మూడు పెట్టెలు

కిందటి దసరాకు బోనసు డబ్బుతో మా ఇంటికి ఒక పెట్టె కొనాలని తలచినప్పుడు ఈ పద్ధతిని చేసి చూచాము. ఆఫీసు స్నేహితునిది ఒకటి, ఎదురింటివారిది ఒకటి, అంగడివాడు రెండు రోజులకు నమ్మకంమీద ఇచ్చినది ఒకటి; మూడింటినీ హాలులో బట్టల తాడుమీద వేసిన దుప్పటి వెనుక పెట్టాము. నేను మార్చేవాడిని. వినేవారు మా అమ్మ, మా ఇంటావిడ, పిల్లలిద్దరు, మా వీధిలో ఉండే గుడి తవిల్ విద్వాంసులు ఒకరు. వారు తమిళులు, తెలుగు కృతులు వాయించే చేతులు గనుక తెలుగు చక్కగా తెలుసు.

శబ్దాన్ని సమం చేయకముందు పిల్లవాడు ఒకదానికి ఓటు వేశాడు. సమం చేసిన తరువాత వాడే వేరొకదానికి మారాడు. అట్టమీద అన్నిటికంటె పెద్ద వాట్లున్న పెట్టె ఎవరికీ మొదటిది కాలేదు. అయినా అందరి మాటా ఒకటి కాలేదు సుమండీ. తవిల్ విద్వాంసులు కళ్లు మూసుకొని విని, “రెండోదానిలోనే ఎడంచేయి సరిగా పలుకుతున్నది” అన్నారు. మా అమ్మ మాత్రం మూడవ పెట్టెను వదలలేదు. “మూడోదాంట్లోనే మాట తేటగా ఉండాది రా. పద్యం చెప్పేది ఒక్కో అక్షరం తెలుస్తా ఉండాది” అన్నది. మా ఇంటావిడ, “మన ఇంట్లో తవిల్ కచేరీలు ఎన్ని? అత్త వినే హరికథలెన్ని?” అని లెక్క తేల్చింది. మూడవదే కొన్నాము. అది మూడింటిలో చిన్నది, వెల తక్కువది. ఎవరికి ఏది పని అన్నది తేలితేగాని ఏది మంచిదన్నది తేలదు.

ఇల్లు కూడా ఒక వాద్యమే

అంగడిలో బాగున్న పెట్టె ఇంటికి రాగానే గోలగా మారడం చాలామందికి అనుభవం. ఇందులో అంగడివాని మోసం ఎప్పుడూ ఉండదు. మన కృష్ణగిరి సీమ నల్లరాతికి పేరు. కొత్తగా కట్టే ఇళ్లలో నేలకు గ్రానైటు, గోడకు నున్నటి సున్నం, పైన కాంక్రీటు. ధ్వని ఏ ప్రక్కకు పోయినా రాతికి తగిలి తిరిగి వస్తుంది. ఒక అక్షరం చెవిని చేరేలోపల దాని వెనుకటి అక్షరపు ప్రతిధ్వని అడ్డం వస్తుంది. పాత పెంకుటింట్లో దూలాలు, చాపలు, దండెంమీది బట్టలు ధ్వనిని కొంత తాగివేసేవి. అంగడిలోనైతే నిలువెత్తు అట్టపెట్టెలు ఆ పని చేస్తవి.

దీనికి మందు చవకే. నేలమీద ఒక జంపఖానా, కిటికీకి మందమైన తెర, ఎదురుగోడకు పుస్తకాల బీరువా. పెట్టెను గది మూలలో పెడితే బరువునాదం అనవసరంగా ఉబ్బుతుంది. గోడకు జానెడు ఎడంగా, కూర్చున్నవారి చెవి ఎత్తుకు సమంగా పెట్టాలి. ఐదువందల రూపాయల జంపఖానా చేసే మేలును ఐదువేలు ఎక్కువపెట్టి కొన్న పెట్టె చేయలేని సందర్భాలున్నవి.

పిల్లల నాలుక, పెద్దల చెవి

ఇంతవరకు చెప్పినది సంగీతపు ముచ్చట అనుకొనేవారు ఇకమీదటిది తప్పక చదవాలి.

మన కుటుంబాలు ఈ సీమలో తరతరాలుగా ఉన్నవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అవసరమైతే కన్నడం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పాఠశాలలలో తమిళం తప్పనిసరి పాఠమైనది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే; నాకు అన్నం పెడుతున్నవి రెండు భాషలూను. కాని ఇందువల్ల మన పిల్లలలో చాలామందికి తెలుగు అన్నది కంటితో చదివేది కాక, చెవితో వినేది మాత్రమే అయినది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ఆ లిపికి అది లోపం కాదు, ఆ భాష స్వభావం. మన పిల్లలకు మాత్రం ఖకార ఘకారాలు తెలిసేది అవ్వ నోటి నుండి, లేకుంటే పాటపెట్టె నోటి నుండి. ఆ పెట్టె ఒత్తులను మింగేదైతే, పిల్లవాడు విన్నదే పలుకుతాడు. భారతం బారతం అవుతుంది, ధర్మం దర్మం అవుతుంది. వాడిని తప్పుపట్టి లాభమేమి? కాబట్టి పిల్లలు పద్యాలు, కథలు వినే పెట్టెను, చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోనును, పైన చెప్పిన అక్షరాల పరీక్షకు పెట్టి కొనడం సరదా కాదు; భాషకు చేసే సేవ.

పెద్దల సంగతి వేరు. వయసుతోపాటు చెవి మొదట పోగొట్టుకొనేది పైస్వరాలను. అనగా సకారాలు, ఒత్తుల ఊపిరి, మాటల అంచులు. అందుకే వారు “వినబడుతున్నది గాని అర్థం కావడం లేదు” అంటారు. మనం శబ్దం పెంచుతాము. అప్పుడు బరువునాదం పెరిగి మాట ఇంకా మునిగిపోతుంది. వారికి కావలసినది పెద్ద శబ్దం కాదు, తేట మాట. టీవీలో, పెట్టెలో ధ్వనిని సవరించే మీటలుంటే బరువును తగ్గించి మాటభాగాన్ని కొంచెం పెంచి చూడండి. అది చాలకపోతే చెవి వైద్యునికి చూపించి వినికిడి కొలత తీయించాలి. మైసూరులో ఇందుకోసమే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. పెద్ద ఆస్పత్రులలో వినికిడి నిపుణులున్నారు.

వినికిడి యంత్రం కూడా ఈనాడు డిజిటల్ యంత్రమే. దానికీ అట్టమీది అంకెలున్నవి: ఎనిమిది చానెళ్లు, పదహారు చానెళ్లు, ముప్పైరెండు చానెళ్లు అని. వెల కూడా ఆ మెట్లమీదనే ఎక్కుతుంది. చానెళ్లు ఎక్కువగా ఉండటంకంటె, ఆ మనిషి చెవి కొలతకు యంత్రాన్ని సరిగా సవరించడం ముఖ్యం. అంగడిలోని నిశ్శబ్దపు గదిలో అన్ని యంత్రాలూ బాగానే ఉంటవి. నలుగురు మాట్లాడే భోజనాల వేళ, బస్సు స్టాండులో, గుడిలో పెట్టుకొని చూడటానికి కొన్ని రోజులు అవకాశం ఇవ్వమని అడగండి. ఒక హెచ్చరిక: ఇక్కడ మాత్రం మొదటిరోజు చెవి చెప్పే తీర్పును నమ్మరాదు. ఏళ్లతరబడి వినని కంచాల చప్పుడు, కాగితాల గరగర, తమ గొంతే తమకు, ఒక్కసారిగా మీదపడి చికాకు పెడతవి. మెదడు అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలు దాటకముందే యంత్రాన్ని బీరువాలో పెట్టివేసిన పెద్దలు మన బంధువులలో ఎందరున్నారో లెక్కపెట్టుకోండి. రోజుకు కొన్ని గంటలు చొప్పున పెంచుతూ, నిపుణుని దగ్గరకు రెండు మూడుసార్లు తీసుకొనివెళ్లి సవరింపించడం పిల్లల బాధ్యత.

అంకెలు చూడవలసిన చోట చూడాలి

అంకెలన్నీ అబద్ధాలని అనుకోకూడదు. చెవి చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నవి. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, ఎన్నాళ్ల హామీ, బాగుచేసే కేంద్రం ఎక్కడున్నది, పాత టీవీకి తగిలించడానికి తీగ పెట్టే చోటున్నదా అన్నవి చదివి తెలుసుకోవలసినవే. ఛార్జరుమీద భారత ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు లేనిదాన్ని ముట్టరాదు. పాట బాగున్నంత మాత్రాన ఇల్లు కాల్చుకోలేము.

డెసిబెల్ అంకె మరీ ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి నలభై గంటలు వినేవారికి 80 డెసిబెల్‌లను హద్దుగా చెప్పింది. హద్దు దాటినకొద్దీ వినదగిన కాలం త్వరత్వరగా తగ్గిపోతుంది. చెవిలో దూర్చుకొనే ఇయర్‌ఫోనులతో రాత్రంతా వినే కుర్రవారికి ఇది చెప్పాలి. మనదేశపు 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బయట మైకులు వాడరాదు. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. మన పెండ్లిండ్లలో నాదస్వరానికి కూడా మైకు పెట్టి, ఆ మైకుకు పది స్పీకర్లు తగిలించి, పెండ్లికొడుకు మామగారితో సైగలతో మాట్లాడవలసిన స్థితి తెస్తున్నాము. మైకు లేకనే వీధి చివరికి వినబడేటట్లు మన పెద్దలు ఆ వాద్యాన్ని చేసిపెట్టారు.

చెవి ఒకసారి చెడితే తిరిగి రాదు. దానిని కాపాడుకొని, దానికి పని చెప్పి, దాని మాట నెమ్మదిగా వినాలి. ఈసారి పెట్టె కొనడానికి వెళ్లేవారు జేబులో డబ్బుతోపాటు తమకు బాగా తెలిసిన ఒక పాటను, మూడు సకారాలను చక్కగా పలికిన ఒక గొంతును వెంట తీసుకొనివెళ్లండి. వీలైతే ఇంట్లోని పెద్దవారిని కూడా తీసుకొనివెళ్లి, వారు “మాట తెలుస్తున్నది” అన్న తరువాతనే రసీదు రాయించండి.